తీరిక వేళ: నాలుగు కార్డుల నడక

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాల్లో ఒకదానికి ఇక్కడే జవాబు చెప్పడం మంచిదనిపించింది. ఇలాంటి సందేహం మనలో ఇంకా కొన్ని ఇళ్ళల్లో ఉండే ఉంటుంది. ఒక తల్లిగారు రాశారు: “మా అమ్మాయికి పదిహేనేళ్ళు. ఆరేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకుని ఈ మధ్య మానేసింది. ఇప్పుడు గిటారు పట్టుకుని కూర్చుంటోంది. సొంతంగా పాటలు కడతానంటుంది. తీరా చూస్తే అది చేసే పనల్లా ఎవరెవరో పాడిన పాప్ పాటలు విని, వాటి కార్డులన్నీ నోటు పుస్తకంలోకి ఎక్కించుకోవడం. ఇది కాపీ కొట్టడం కాదా డాక్టరుగారూ? ఇలా చేస్తే పాట కట్టడం వస్తుందా?”

వస్తుందనే మా ఉద్దేశం. ఎందుకు వస్తుందో చెప్పాలంటే ముందు కార్డు సంగతి తేల్చుకోవాలి. కార్డంటే మనలో చాలామంది ఏళ్ళ తరబడి ఎదురు చూసే ఆ పచ్చ కార్డు కాదు. మూడు స్వరాలు ఒక్కసారి కలిసి మోగితే దాన్ని ఇక్కడివాళ్ళు కార్డు అంటారు. స గ ప కలిపి మోగిస్తే అది 1వ కార్డు. మ ద స కలిపితే 4వది, ప ని రి కలిపితే 5వది, ద స గ కలిపితే 6వది. అన్నీ మన శంకరాభరణంలో స్వరాలే. కార్డు ఏ స్వరం మీద నిలబడిందో ఆ స్వరం వరసలో ఎన్నోదో అదే దాని అంకె. ఆరోది మైనరు కార్డు, కాస్త దిగులుగా ఉంటుంది. తక్కిన మూడూ మేజరు.

ఈ అంకెల పద్ధతి నాష్‌విల్ స్టూడియోల్లోది. 1950 దశకం చివర్లో జోర్డనేర్స్ అనే గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ దీన్ని వాడుకలోకి తెచ్చాడు. గాయకుడికి గొంతు బాగులేక శ్రుతి దించినా, పెంచినా, వాయించేవాళ్ళ ముందున్న కాగితం మార్చనక్కరలేదు. అంకెలు అవే ఉంటాయి. మన సరిగమలు ఎప్పటినుంచో చేస్తున్న పని ఇదే. ఒకటిన్నర శ్రుతిలో పాడినా, అయిదులో పాడినా షడ్జం షడ్జమే కదా! అంచేత ఆరేళ్ళు సరళీస్వరాలూ జంటస్వరాలూ పాడిన పిల్లకి ఈ పద్ధతి పట్టుబడడానికి ఒక సాయంత్రం చాలు. ఆ ఆరేళ్ళూ వృథా పోయాయని తల్లిగారు బెంగపెట్టుకోనక్కరలేదు.

కాపీ అన్న మాటకి కోర్టువారే జవాబు చెప్పారు. ఎడ్ షీరన్ అనే ఇంగ్లీషు గాయకుడు 2014లో ‘థింకింగ్ అవుట్ లౌడ్’ అనే పాట పాడాడు. అది 1973లో మార్విన్ గే పాడిన ‘లెట్స్ గెట్ ఇట్ ఆన్’ కార్డుల నడకని ఎత్తుకుపోయిందని, ఆ పాత పాట కట్టినవారిలో ఒకరి వారసులు న్యూయార్కులో దావా వేశారు. షీరన్ కోర్టులో గిటారు వాయించి మరీ చూపించాడు, ఆ నడక ఎందరి పాటల్లో ఉందో. 2023 మే నెలలో జూరీ అతని పక్షాన తీర్పు చెప్పింది. అదే పాట మీద ఇంకొకరు వేసిన దావాలో 2024 నవంబరులో అప్పీలు కోర్టు కూడా, అలాంటి నడక ఏ ఒక్కరి ఆస్తీ కాదన్న దారిలోనే తీర్పిచ్చింది. బాణీ సంగతి వేరు. జార్జ్ హారిసన్ 1970లో పాడిన ‘మై స్వీట్ లార్డ్’ బాణీ, 1963 నాటి ‘హీజ్ సో ఫైన్’ బాణీయేనని 1976లో న్యాయమూర్తి తేల్చారు. తెలియకుండానే మనసులోంచి వచ్చి ఉంటుందని ఒప్పుకుంటూనే, తప్పు తప్పేనన్నారు. కార్డుల నడక ఊరుమ్మడి బాట లాంటిది. దాని మీద ఎవరైనా నడవచ్చు. బాణీ మాత్రం ఒకరి ఇల్లు. అమ్మాయి నోటు పుస్తకంలోకి ఎక్కుతున్నవి బాటలు, ఇళ్ళు కావు.

సరే, బాటలు తెలిస్తే ఏం లాభం? ఒక నడక తీసుకుని విప్పి చూద్దాం. 1961లో బెన్ ఇ. కింగ్ పాడిన ‘స్టాండ్ బై మీ’ వినని వాళ్ళు ఈ దేశంలో ఉండరు. దాని నడక ఎనిమిది బార్లు: రెండు బార్లు 1, రెండు బార్లు 6, తరువాత ఒకటి 4, ఒకటి 5, మళ్ళీ రెండు బార్లు 1. పాట మొదటినుంచి చివరిదాకా ఇంతే. 1లో ఉన్నవి స గ ప. 6లో ఉన్నవి ద స గ. అంటే స, గ కదలలేదు, పంచమం ఒక్కటే జరిగి ధైవతమయింది. 6 నుంచి 4కి పోయేటప్పుడు ద, స ఉన్నచోటే ఉన్నాయి, గ ఒక్కటే మ అయింది. ఇంతవరకూ ఇంట్లో గదిలోంచి గదిలోకి నడిచినట్టుంటుంది. కాని 4 నుంచి 5కి పోయేసరికి మ ద స మూడూ పోయి ప ని రి మూడూ కొత్తగా వస్తాయి. ఒక్కసారిగా గడప దాటినట్టు. ఆ 5లో నిషాదం ఉంది చూశారూ, అది షడ్జానికి అరస్వరం దూరంలో నిలబడి తహతహలాడుతూ ఉంటుంది. తరువాతి బారులో 1 వచ్చి దాన్ని ఇంటికి చేరుస్తుంది. వినేవాళ్ళకి ఈ లెక్కలేవీ తెలియకపోయినా ప్రాణం కుదుటపడుతుంది.

ఇప్పుడు బీటిల్స్ వారి 1970 నాటి ‘లెట్ ఇట్ బి’ చూడండి. మొదటి పంక్తి 1-5-6-4. ఇందులో 4 చివర ఉంది. 4లో నిషాదం లేదు, అంచేత ఇంటికి పోదామన్న తొందర లేదు. పంక్తి ప్రశ్నలాగా తెరిచి ఉండిపోతుంది. రెండో పంక్తి 1-5-4-1 అని ఇంటికి వచ్చి తలుపు మూస్తుంది. పల్లవిలో మొదటి పాదం అడిగితే రెండో పాదం జవాబు చెప్పడం మనకి కొత్త కాదు. ఆ పని ఇక్కడ బాణీ ఒక్కటే కాకుండా కింద కార్డులు కూడా చేస్తున్నాయి. మాటలు రాసేవాళ్ళు ఇది కనిపెడితే, తెగని మాటని తెరిచి ఉన్న పంక్తిలోనూ, తెగిన మాటని మూసిన పంక్తిలోనూ పెట్టుకోగలుగుతారు. ఈ రోజుల పాటలు చాలావాటిలో మాకు నచ్చనిది కూడా ఇదే. 1-5-6-4 అని మొదలుపెట్టి, తలుపు మూయడమన్నది లేకుండా మూడు నిమిషాలు గానుగెద్దులా తిరుగుతాయి. పిల్లలకి అది బాగానే ఉంటుంది కాబోలు.

మనవాళ్ళకి అసలు చిక్కు వినడంలో ఉంది. మనం పుట్టినప్పటినుంచి విన్నది బాణీ. కింద తంబురా ఒక్కచోటే, ప స స స అంటూ కదలకుండా ఉంటుంది. అంచేత పాట వినగానే మన చెవి గాయకుడి వెంట పోతుంది గాని నేల కదులుతోందని గమనించదు. మెడికల్ కాలేజీలో మొదటిసారి స్టెతస్కోపు పెట్టినప్పుడు మాకు వినబడింది లబ్ డబ్ అంతే. ‘రెండో చప్పుడు అయ్యాక, మళ్ళీ మొదటిది వచ్చేలోగా ఉన్న ఖాళీలో విను’ అని ప్రొఫెసరుగారు చోటు చూపించాక గాని అందులోని మర్మర్ వినబడలేదు. ఇక్కడ కూడా చోటు తెలియాలి. చోటు బేస్ గిటారు. కార్డు మారిన చోట అది చాలా మటుకు ఆ కార్డు నిలబడిన స్వరాన్నే కొడుతుంది. గాయకుణ్ణి వదిలేసి, బేస్ వెంట సన్నగా స్వరం కలిపి పాడుకుంటూ రెండుసార్లు వింటే నడక దానంతట అదే బయటపడుతుంది.

దీనికి మన డిట్రాయిట్‌లో ఉన్నవాళ్ళకంటే అదృష్టవంతులెవరు? వెస్ట్ గ్రాండ్ బూలివార్డ్ మీద ఒక మామూలు ఇంట్లో 1959లో మొదలైన మోటౌన్ కంపెనీ పాటలకి బేస్ వాయించినవాడు జేమ్స్ జేమర్సన్. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడ 1964లో టెంప్టేషన్స్ బృందం పాడిన ‘మై గర్ల్’ వినండి. మొదట జేమర్సన్ ఒక్కడే రెండు స్వరాలతో మొదలుపెడతాడు. దాని మీద రాబర్ట్ వైట్ గిటారు మెట్లెక్కుతుంది. ఆ మెట్లు స రి గ ప ద స. అక్షరాలా మన మోహన ఆరోహణ! మోహన రాగమని వారికి తెలియదు, మోటౌన్ అని మన పెద్దలకి తెలియదు. అయితే అసలు వింత తరువాతి అడుగులో ఉంది. బేస్ 4కి పోతుంది. గిటారు మళ్ళీ అవే మెట్లు, ఈసారి మధ్యమం మీదనుంచి ఎక్కుతుంది: మ ప ద స రి మ. మోహనే, కాని షడ్జం లేచి మధ్యమం మీదికి వెళ్ళి కూర్చుంది. ఇలా షడ్జం ఇల్లు మారుతూ ఉంటుంది. మన తంబురా అయితే ఊరుకునేది కాదు. కార్డుల నడక అంటే ఏమిటో అర్థం కావడానికి ఇంతకంటే తేలిక పాఠం మాకు తెలియదు. ఆ తరువాత కార్డులు 1, 2, 4, 5 అని మెట్టు మెట్టుగా పైకి పోయి, పాట పేరు వచ్చే చోట ఇంటికి దిగుతాయి. పేరుని ఎక్కడ పెట్టారో అమ్మాయిని పుస్తకంలో రాసుకోమనండి.

ఇంట్లో చేయదగ్గ పని ఒకటి చెబుతాము. అమ్మాయిని గిటారు మీద 1-6-4-5 నెమ్మదిగా వాయించమని, తల్లిగారు గాంధారం ఒక్కటే పట్టుకుని కదలకుండా పాడాలి. 1 మీద అది గాంధారమే. 6 మీద పంచమంలా నిబ్బరంగా నిలబడుతుంది. 4 మీదికి వచ్చేసరికి నిషాదంలా ఒరుసుకుని ఇబ్బంది పెడుతుంది. 5 మీద ధైవతంలా ఉంటుంది. పాడింది ఒకే స్వరం, దాని గుణం నాలుగు విధాలయింది. పాప్ పాటల్లో బాణీ అంత తక్కువ కదిలినా విసుగు పుట్టకపోవడానికి కారణం ఇదే. మన పాటలో గమకం చేసే పనిలో కొంత వాళ్ళకి నేల చేసిపెడుతోందన్నమాట.

ఇక తల్లిగారి ఉత్తరం చివర, తోకలాగా తగిలించిన ఒక సంగతి ఉంది. మమ్మల్ని కుర్చీలో లేచి కూర్చోబెట్టింది అదే. అమ్మాయి ఈ మధ్య తెలుగులో ఒక పల్లవి కట్టిందట. ‘నది దాటి’ అని మొదలు. తెనాలిలో ఉన్న నాయనమ్మకి ఫోనులో పాడి వినిపిస్తే, ఆవిడ “నీది నువ్వు దాటడమేమిటే?” అని అడిగిందట. పిల్ల నొచ్చుకుని, ఇకమీదట ఇంగ్లీషులోనే కడతానందట. ఉత్తరమంతా కాపీ గురించి రాసిన తల్లిగారు దీన్ని నవ్వులాటకి రాశారు గాని, మా దృష్టిలో వైద్యం కావలసింది ఇక్కడ.

జరిగిందేమిటంటే, ఆ పిల్ల ‘న’ని కార్డు మారే చోట, బలమైన దెబ్బ మీద పెట్టి, దాన్ని రెండు మాత్రలు లాగింది. నది కాస్తా నాది అయింది. ఇంగ్లీషులో ఈ బాధ లేదు. ఆ భాషలో మాటకి ఊనిక ముఖ్యం. ఊనిక ఉన్న అక్షరం దెబ్బ మీద పడితే చాలు, దాన్ని ఎంత సాగదీసినా అర్థం మారదు. తెలుగులో హ్రస్వ దీర్ఘాలు అర్థాన్నే మోస్తాయి. పడు అన్నది సాగితే పాడు అవుతుంది. కల సాగితే కాల. పాప్ పాట నడకలో కార్డు మారినచోట గాయకుడు ఆగాలని చూస్తాడు. ఆ చోట లఘువు ఉంటే ప్రమాదం, గురువు ఉంటే క్షేమం. చిన్నప్పుడు తెలుగు మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పిన గురులఘువులు మిషిగన్‌లో గిటారు మీద పనికొస్తాయని ఎవరనుకున్నారు!

మందు రెండు రకాలు. మాట మార్చడం ఒకటి. నదికి బదులు ఏరు అంటే సరి. మన పల్లెల్లో నదిని ఏరనే అంటారు. ‘ఏరు దాటి’ అన్నప్పుడు ఏ, దా రెండూ గురువులు, రెండు కార్డులు వాటి మీద హాయిగా మారవచ్చు. నది అన్న మాటే కావాలని పిల్ల పట్టుబడితే రెండో మందు: న, ది రెండింటినీ దెబ్బకి ముందే గబగబా అనేసి, దెబ్బని ‘దాటి’లోని దా మీద వేయడం. ఇంగ్లీషు పాటల్లో చిన్న చిన్న మాటలన్నీ ఇలాగే దెబ్బకి ముందు దూరిపోతాయి, విని చూడండి. మాట చివరి అచ్చుని మాత్రం చాలామటుకు భయం లేకుండా లాగవచ్చు. మేడ మీదనుంచి పిల్లల్ని పిలిచేటప్పుడు మనమంతా లాగేది అదే కదా. మాదిరికి మేము ఒక పాదం రాసి చూశాం: ‘మంచు రాలే దారిలోన’. మం, రా, దా, లో నాలుగూ గురువులే, 1-6-4-5 వాటి కింద ఒక్కొక్కటిగా మారుతుంది. కవిత్వం కాదు, కొలత చూపించడానికి మాత్రమే.

ముందు నడకా బాణీ ఉండి తరువాత మాటలు రావడం తక్కువ పనేమీ కాదు. మన సినిమా కవులు వేటూరి, సిరివెన్నెల తననాల మీద ఎన్ని మంచి పాటలు కూర్చారో అందరికీ తెలుసు. మోటౌన్‌లోనూ అంతే. స్టీవీ వండర్, హాంక్ కాస్బీ కలిసి వాద్యాలతో ఒక పాట తయారుచేసి, మాటలు దొరక్క స్మోకీ రాబిన్సన్ చేతికిచ్చారు. అది వింటే ఆయనకి సర్కస్ గుర్తొచ్చింది. సర్కస్ నుంచి విదూషకుడు, విదూషకుడి నుంచి దాచుకున్న కన్నీళ్ళు. అలా పుట్టిన ‘ది టియర్స్ ఆఫ్ ఎ క్లౌన్’ 1970లో ఇక్కడా, ఇంగ్లండులోనూ మొదటి స్థానానికి వెళ్ళింది.

నోటు పుస్తకం ఎలా రాసుకోవాలో కూడా చెబుతాము, ఎందుకంటే ఉత్త అంకెలు ఎక్కించుకుంటే అది టెలిఫోను డైరెక్టరీయే అవుతుంది. ఒక్కొక్క అంకె ఎన్ని బార్లు నిలిచింది, ఏ మాట మీద మారింది, పల్లవికీ చరణానికీ నడక మారిందా లేదా అన్నది పక్కనే రాయాలి. ‘స్టాండ్ బై మీ’లో నడక మారదు, మరి పల్లవి వచ్చిందని మనకెలా తెలుస్తోంది? బాణీ పైకి లేస్తుంది గనుక. ఇలాంటివి పది పాటలకి చాలు, వంద అక్కరలేదు. తరువాత ఒక నడక ఎంచుకుని, ఆ అసలు పాటని ఒక వారం వినకుండా ఉండాలి. హారిసన్ గతి పట్టకుండా ఉండడానికి ఇది కొంత మేలు. ఆ వారంలో అదే నడక మీద మూడు వేర్వేరు బాణీలు కట్టమనండి. మొదటిది ఎవరిదో పాటలా ఉంటుంది. మూడోదానికి ఆ పిల్ల గొంతు వినబడుతుంది.

రాగాలు తెలిసిన పిల్ల గనుక ఒక జాగ్రత్త. మోహన, శంకరాభరణం ఈ నడకల మీద సుఖంగా కూర్చుంటాయి. శుద్ధ ధన్యాసిలో ఉన్న అయిదు స్వరాలే ఇక్కడివాళ్ళు మైనర్ పెంటటానిక్ అంటారు, అదీ బాగుంటుంది. కల్యాణిలో శుద్ధ మధ్యమం లేదు, కాబట్టి 4వ కార్డు రాగంలోంచి రాదు. సరళీస్వరాలు నేర్చిన మాయామాళవగౌళలో 5వ చోట మేజరు కార్డు కుదరదు. రిషభం కిందికి దిగి ఉండడంతో అక్కడినుంచి ఇంటికి మామూలు దారి మూసుకుపోతుంది. తోడి జోలికి మాత్రం పోవద్దు. ఊగే గాంధారానికి, కదలని కార్డుకి పొత్తు కుదరదు.

ఇదంతా అపచారమేమో అని అనుకునే పెద్దలకి ఒక్క మాట. ముత్తుస్వామి దీక్షితులవారు కంపెనీ దొరల బ్యాండు వాయించే బాణీలు విని, శంకరాభరణ స్వరాల్లో సుమారు 40 నోటు స్వర సాహిత్యాలు రచించారు. ‘సంతతం పాహిమాం’ బాణీ ఇంగ్లండు రాజుగారి జాతీయగీతానిదే. ఆయన తమ్ముడు బాలుస్వామివారు దొరల ఫిడేలు నేర్చుకున్నారు, ఆ ఫిడేలు ఇవాళ మన ప్రతి కచేరీలోనూ ఉంది.

అమ్మాయికి అభ్యంతరం లేకపోతే ఆ పల్లవిని, కింద అంకెలు వేసి, మాకు పంపమనండి. ‘ఏరు దాటి’ అని మార్చి నాయనమ్మకి మళ్ళీ ఒకసారి వినిపించాక పంపితే ఇంకా మంచిది. వచ్చే నెల తాళం సంగతి చూద్దాం. ఆదితాళం ఎనిమిది అక్షరాల మీద ఈ నాలుగు దెబ్బల బార్లు రెండు సరిగ్గా పడతాయి గాని, తప్పెట్లు కొట్టే చోట మాత్రం మనకీ వాళ్ళకీ పేచీ ఉంది.